శనివారం ఇంటికొచ్చిన ఇనుప చక్రాలు

సులోచనకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. గ్లాస్గో దక్షిణాన ఉన్న తెలుగు ఇళ్ళల్లో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఏ పుట్టినరోజు పార్టీలోనో ఆమె మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టిందంటే చుట్టూ ఉన్నవాళ్ళు టీ కప్పులు పట్టుకుని ఒక్కొక్కరే వంటింటివైపు సర్దుకునేవాళ్ళు. సర్దుకోవడానికి చోటు లేనివాడు మొగుడు వీరాంజనేయులు ఒక్కడే. పాపం, సోఫా అంచున కూర్చుని కార్పెట్‌లో పువ్వులు చూసుకునేవాడు.

ఆమె కోపానికి కారణాలు తక్కువేం లేవు. ప్రొద్దుటూరు పిల్ల, తిరుపతిలో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చేసింది. పెళ్ళయి ఈ దేశానికి వచ్చాక ఆ డిగ్రీ వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. శాండ్‌విచ్‌ల ఫ్యాక్టరీలో కోడిగుడ్లు చిదిమింది, సూపర్‌మార్కెట్‌లో బిల్లులు కొట్టే టిల్ దగ్గర కూర్చుంది, బడిలో పిల్లలకు డిన్నర్లు వడ్డించింది. కూతురు నిఖిత కాస్త ఎదిగాక మళ్ళీ పుస్తకాలు పట్టి, తనకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చుని పరీక్షలు రాసి, ఇక్కడి ల్యాబుల్లో పనిచేయడానికి రిజిస్ట్రేషన్ తెచ్చుకుంది. ఉద్యోగం మాత్రం ఊళ్ళో దొరకలేదు. ఫెనిక్ మూర్ అనే కొండబీడు అవతల, కొండ దిగితే వచ్చే ఊళ్ళో, ఆస్పత్రి ల్యాబ్‌లో దొరికింది. బ్లడ్‌బ్యాంక్ పని. డ్రైవింగ్ టెస్టు పలుమార్లు తప్పి, ఆఖరికి ఆ ఉద్యోగం కోసమే నెగ్గింది.

ఆ ఉద్యోగమంటే సులోచనకు ప్రాణం. పొద్దున షిఫ్టు ఆమెది. ఆమె వెళ్ళేదాకా రాత్రి పనిచేసిన మనిషి ఇంటికి పోవడానికి లేదు, ఆపరేషన్లకు కావలసిన రక్తం సరిచూసి పంపడానికీ లేదు. సీసా మీద పేరు, చేతి పట్టీ మీద పేరు, కాగితం మీద పేరు. మూడూ కలిస్తేనే ఆమె సంతకం, ఆమె సంతకం పడితేనే రక్తం కదులుతుంది. ఇంట్లో పప్పులో ఉప్పు ఎంతో కూడా ఆడబిడ్డను అడిగి వేయాల్సిన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

క్రితం చలికాలం మూర్ మీద మంచులో కారు జారి, రోడ్డు పక్కకు తిరిగి నిలబడిపోయింది. ఎవరో లాగి పెట్టారు. ల్యాబ్‌కు చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. సూపర్‌వైజర్ మోయ్రా చెడ్డది కాదు గాని మొహమాటం లేని మనిషి. ఇంకోసారి ఇలా జరిగితే పొద్దున షిఫ్టు ఊళ్ళో ఉండేవాళ్ళకు ఇవ్వాల్సి వస్తుందనీ, సులోచన ముందు గదిలో వచ్చిన శాంపిల్స్ ట్రేలలో సర్దే పనికి వెళ్ళాల్సి ఉంటుందనీ చెప్పేసింది. సులోచన ఆ ఏడాదంతా ఆ మాటను గుండెల్లో మోసింది. మూర్ మీద కొత్త మోటర్‌వే ఇంకా తవ్వుతూనే ఉన్నారు. అది పూర్తయ్యేదాకా పాత రోడ్డే గతి.

అందుకని రెండువేల మూడు అక్టోబర్‌లో ఆమె గరాజ్ నడిపే డేవీ దగ్గరికి వెళ్ళి మంచు మీద జారని వింటర్ టైర్లు కావాలంది. ఆ రోజుల్లో ఈ దేశంలో అవి అడిగేవాళ్ళే తక్కువ. కొండల మీద గొర్రెలు కాచుకునేవాళ్ళు తప్ప ఎవరూ వేయించుకోరని డేవీ నవ్వి, తర్వాత బుద్ధిగానే చెప్పాడు. ఉన్న అల్లాయ్ చక్రాలకే ఏటా రెండుసార్లు టైర్లు విప్పి మార్చుకోవచ్చు, కాని విప్పినప్పుడల్లా అంచులు గీసుకుపోతాయి, రోడ్డు మీద చల్లే ఉప్పు వాటి మెరుపు తినేస్తుంది. రెండో అల్లాయ్ సెట్ కొనుక్కోవచ్చు, అందం కావాలనుకుంటే. లేదా మామూలు స్టీల్ చక్రాలు ఒక సెట్ కొని వాటికి వింటర్ టైర్లు ఎక్కించి ఉంచుకుంటే, నవంబర్‌లో బిగించుకోవడం, మార్చిలో విప్పుకోవడం, అంతే. నల్లగా ఉంటాయి, చూడ్డానికి బాగుండవు. గుంతలో పడితే వంగుతాయి గాని పగలవు. నలుపు చూడలేకపోతే పైన ట్రిమ్స్ అనే ప్లాస్టిక్ మూతలు తగిలించుకోవచ్చు. సులోచన మారు ఆలోచించకుండా స్టీల్ చాలంది. ట్రిమ్స్ అక్కర్లేదంది. డేవీ ఆర్డర్ పెట్టాడు.

అంతటితో అయిపోవాల్సింది. కాలేదు. ఎందుకంటే ఆ ఊళ్ళో తెలుగువాడు కారు విషయంలో ఏం చేసినా పార్థసారథిని అడిగి చేయాలి.

పార్థసారథి వీరాంజనేయులుకు బావ, అక్క రత్నమ్మ భర్త. అందరికంటే ముందు వచ్చాడు కాబట్టి అందరికంటే ఎక్కువ తెలుసని ఆయన నమ్మకం. ఎవరు కారు కొనబోయినా షోరూమ్‌కు ఈయన వెంట ఉండాలి. బానెట్ ఎత్తి ఇంజిన్ వైపు డాక్టర్ నాలుక చూసినట్టు చూసి, ఊఁ అంటే కొనాలి, పెదవి విరిస్తే వచ్చేయాలి. ఆయన కారు కింద దూరగా చూసినవాళ్ళు లేరు, టైర్‌కు గాలి కొట్టగా చూసినవాళ్ళూ లేరు. కాని సులోచన నడిపే వెండి రంగు కారు కూడా ఆయన ఊఁ అన్నదే. అల్లాయ్స్ లేని కారు మెడలో గొలుసు లేని పెళ్ళికూతురని ఆయనే వాళ్ళ చేత ఆ మోడల్ కొనిపించాడు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర వీరాంజనేయులు నోరు జారాడు. పార్థసారథి ముద్ద ఆపాడు.

“స్టీల్ చక్రాలా? టాక్సీకి ఏస్తారమ్మా అవి. మన కారుకు ఏసుకుంటే ఈ నా కొడుకు ఉద్యోగం పోయినట్టుండాదే అనుకుంటారు జనం.”

“అనుకోనీలేన్నా. జనం నన్ను కొండ ఎక్కించరు గదా.”

“నేను పాతికేండ్లుగా ఈ మంచులో తిరుగుతాండా. మామూలు టైర్లే. ఏం, చచ్చిపోతినా?”

“మీరు ఆఫీసుకు పోయేది ట్రైన్‌లో గదన్నా,” అంది సులోచన. గొంతు అప్పటికే తగ్గింది.

రత్నమ్మ పెరుగు గిన్నె తెచ్చే నెపంతో లేచి వెళ్ళింది. పార్థసారథి చేయి కడుక్కుని, ఆడవాళ్ళకు బండి సంగతులు చెప్పడం తనదే బుద్ధితక్కువని బావమరిదితో అన్నాడు, ఆమెకు వినపడేలా. సులోచన ఆ రోజు నుంచి ఆయనను అన్నా అని పిలుస్తూనే ఉంది గాని ఆ పిలుపులో తియ్యదనం చచ్చిపోయింది.

చక్రాలు నవంబర్‌లో వచ్చాయి. అసలు గొడవ అప్పుడు మొదలైంది, ఎందుకంటే అవి శనివారం వచ్చాయి.

వీరాంజనేయులుది మిథునరాశి. ఏల్నాటి శని నడుస్తోంది. కంప్యూటర్ల ముందు కూర్చుని బ్యాంకు ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే మనిషి, లెక్క తప్పితే ఒప్పుకోని మనిషి, శనివారం వచ్చిందంటే గడ్డం గీసుకోడు, నూనె కొనడు, ఇనుము ఇంటికి తేడు. మేకు కూడా తేడు. ఓ శనివారం వంటింట్లో చిల్లుల గరిటె విరిగితే మర్నాటి దాకా పూరీలు వాయిదా పడ్డాయి. ఇవన్నీ సులోచన భరించింది. ఇప్పుడు నాలుగు ఇనుప చక్రాలు, అవి కూడా కాకి నలుపువి, శనివారం పట్టపగలు కారుకు బిగించుకుని ఇంటి ముందుకు రాబోతున్నాయి.

“సోమవారం తెచ్చుకోరాదా?” అన్నాడు బతిమాలుతున్నట్టు.

“సోమవారం నాకు డ్యూటీ. ఆదివారం గరాజ్ మూత. వారమంతా నేను అదే రోడ్డు మీద పోవల్ల. ఆకాశం చూసినారా?”

“పోనీ అల్లాయ్స్ తీసుకో. అవి అల్యూమినియం. దానికి దోషం లేదని అక్క కనుక్కొని చెప్పింది.”

సులోచన కారు తాళాలు చేతిలోకి తీసుకుంది. “ఓహో. మీ బావకు అందం కావల్ల, మీకు శని శాంతించల్ల. ఇద్దరికీ అల్లాయ్సే నచ్చినాయి. కొండెక్కేది మాత్రం నేను.”

“నా జాతకం నీకు ఎగతాళిగా ఉండాది.”

“మీ జాతకం ఇంట్లో పెట్టుకోండి. నా రోడ్డు మీదికి తేవద్దు.”

వెళ్ళింది, బిగించుకుంది, వచ్చింది. వెండి రంగు కారు నాలుగు నల్ల బూట్లు తొడుక్కున్నట్టు ఇంటి ముందు నిలబడింది. వీరాంజనేయులు కిటికీ తెర వేసేశాడు. రెండు రోజులు ఆమె చేతి కాఫీ తాగలేదు. ఎదురింటి స్కాట్లండ్ ముసలాయన చక్రాలు చూసి బాగున్నాయని మెచ్చుకున్నాడు. అది కూడా వీరాంజనేయులుకు అవమానంగానే తోచింది.

ఆఖరికి సులోచనే ఒక మెట్టు దిగింది. కాపురం చేయాలి కదా. డేవీ దగ్గర ట్రిమ్స్ తీసుకుని నల్లచక్రాల మీద తగిలించింది. వెండి రంగు ప్లాస్టిక్, ఐదు ఆకుల వాటం, అచ్చం అల్లాయ్స్ లాగే. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. ఇప్పుడు సరేనా అంటే వీరాంజనేయులు ఊఁ అన్నాడు. పార్థసారథి మాత్రం వంగి గోటితో తట్టి, టప్‌మన్న చప్పుడు విని, మొహం అదోలా పెట్టాడు. సులోచన పట్టించుకోలేదు. మూర్ మీద మొదటి మంచు పడ్డ రోజు కారు జారకుండా ఎక్కింది, జారకుండా దిగింది. ఆ పొద్దు స్టీరింగ్ ముందు కూర్చుని ఒక్కతే పాట పాడుకుంది. ఆమె పాడగా విన్నవాళ్ళు ఈ భూమ్మీద తక్కువ.

కాని డిసెంబర్ మొదట్లో వీరాంజనేయులు ఆఫీసులో పిడుగు పడింది. టెస్టింగ్ పని సగం బెంగళూరుకు పంపేస్తున్నారనీ, కొత్త ఏడాదిలో కొందరిని తీసేస్తారనీ మేనేజర్ పిలిచి చెప్పాడు. ఆ కొందరిలో ఎవరున్నారో చెప్పలేదు. మనిషి ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా కూర్చున్నాడు. నిజంగానే భయపడ్డాడు, అందులో తప్పు పట్టేదేం లేదు. సులోచన ఆ సాయంత్రం పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. నా జీతం ఉండాది గదా అని కూడా అంది. ఆ మాట అతనికి ధైర్యం ఇవ్వలేదు, ఇంకెక్కడో గుచ్చుకుంది. మర్నాడు అక్కా బావల ఇంటికి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో సులోచనకు ఆ రోజు తెలియలేదు.

ఆ శనివారం రత్నమ్మ తనే వచ్చి, మరుసటి రోజు తమ ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నామనీ, సరుకులకు తోడు రమ్మనీ తన కారులో ఎక్కించుకుంది. ఎప్పుడూ లేనిది సులోచనకు ఇష్టమైన వంకాయలు ఏరి ఏరి కొనిపెట్టింది. కొట్టు కొట్టూ తిప్పి సాయంత్రం చీకటి పడ్డాక ఇంటి దగ్గర దించింది. ఆదివారం పక్క వీధిలోనే వ్రతం, నడిచి వెళ్ళి నడిచి వచ్చారు. కారు దగ్గరికి పోయే పని పడలేదు.

సోమవారం తెల్లారకముందే సులోచన లేచింది. రాత్రంతా మంచు కురిసినట్టుంది. చీకట్లో అద్దాల మీద మంచు గీకి, ఇంజిన్ వేసింది. చక్రాల అడుగు మంచులో కూరుకుని, పైన వెండి రంగులో ఐదు ఆకులు కనిపిస్తున్నాయి. అవే ట్రిమ్స్ అనుకుంది. ఎందుకనుకోదు? తను వేయించినవి తన కారుకు ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. మూడు చోట్ల పేరు చూస్తే గాని రక్తం ఇవ్వని మనిషి, తన ఇంటి ముందు తన కారును పరీక్షగా చూడాలనుకోలేదు.

వీధి మలుపులోనే కారు కాస్త తడబడింది. కొత్త మంచు కదా అనుకుంది. వింటర్ టైర్ల మీద నమ్మకంతో మామూలు వేగంతోనే మూర్ వైపు ఎక్కింది. కొండ మొదట్లో వంపు దగ్గర స్టీరింగ్ తిప్పితే కారు తిరగలేదు. బ్రేక్ మీద కాలు వేస్తే ఆగలేదు. సబ్బు మీద కాలేసినట్టు పక్కకు జారి, రోడ్డు దాటి, గడ్డి గుంతలోకి ముక్కు పెట్టి ఆగింది. సీట్‌బెల్ట్ భుజం దగ్గర నుంచి రొమ్ముదాకా కోసినట్టు పట్టేసింది. కాసేపు ఊపిరి అందలేదు. ఆ కాసేపట్లో ఆమెకు నిఖిత గుర్తొచ్చింది, తర్వాత తన కోసం కూర్చుని ఉన్న రాత్రి షిఫ్టు పిల్ల గుర్తొచ్చింది.

తలుపు తోసుకుని బయటికి వచ్చింది. ఫోన్‌కు సిగ్నల్ లేదు. టైర్లకు ఏమైందో చూద్దామని వంగి, వెనక చక్రం మీద మంచు చేత్తో తుడిచింది. గ్లవ్ తీసి పట్టుకుంది. చేతికి తగిలింది ప్లాస్టిక్ కాదు, చల్లటి లోహం. దాని చుట్టూ బిగుసుకుని ఉన్నది ఎండాకాలపు నున్నటి టైర్. నాలుగు చక్రాలూ అవే. డేవీ విప్పి సంచుల్లో పెట్టి ఇచ్చిన అల్లాయ్స్ అవి, తమ షెడ్డులో వెనక గోడకు ఆనించి ఉండాల్సినవి.

ఆమె ఏడవలేదు. అక్కడే నిలబడి రత్నమ్మ కొనిపెట్టిన వంకాయల దగ్గర నుంచి వెనక్కి ఒక్కొక్కటే తలుచుకుంది. అన్నీ అర్థమయ్యాయి.

ఉప్పు చల్లుకుంటూ వెళ్ళే లారీ డ్రైవర్ ఆపి ఎక్కించుకున్నాడు. ముందు రోడ్డు మూసేస్తున్నారని, వెనక్కి తెచ్చి ఊరి మొదట్లో దించాడు. అక్కడి నుంచి ఇంటికి నడిచింది. చీలమండల దాకా మంచు, రొమ్ములో మంట. తలుపు తాళం తీస్తుండగానే లోపల ఫోన్ మోగింది. ఇంకా ఆఫీసుకు బయల్దేరని వీరాంజనేయులు తీశాడు. నడవాలో నిలబడ్డ భార్యను అతను ఇంకా చూడలేదు. అవతల మోయ్రా అని సులోచనకు తెలుస్తూనే ఉంది.

వీరాంజనేయులు గొంతు సర్దుకుని, మర్యాదగా, ఇంగ్లీషులో, సులోచనకు జ్వరమనీ, పడుకుని ఉందనీ, ఈ రోజు రాలేకపోతోందనీ చెప్పాడు.

అతనికి ఆమె ఎక్కడుందో తెలియదు. ఆస్పత్రికి చేరలేదని ఆ ఫోన్‌తోనే తెలిసింది. చేరకపోతే ఏ గుంతలో ఉందో అని అడగలేదు, కంగారు పడలేదు, ముందు అబద్ధం వెతుక్కున్నాడు. సులోచన బూట్లైనా విప్పకుండా కార్పెట్ మీద మంచు అడుగులు వేసుకుంటూ వచ్చి ఫోన్ లాక్కుంది. తనకు జ్వరం లేదనీ, తన వింటర్ టైర్లు తనకు తెలియకుండా తన భర్త విప్పేశాడనీ, కారు మూర్ కింద గుంతలో ఉందనీ చెప్పింది. మోయ్రా మొదట అడిగింది షిఫ్టుల రోటా గురించి కాదు. దెబ్బ తగిలిందా అని అడిగింది.

“కొంచెం,” అంది సులోచన. రేపటి నుంచి ఎలాగైనా వస్తానని చెప్పి పెట్టేసింది.

వీరాంజనేయులు సోఫా అంచున కూర్చున్నాడు.

“నా చక్రాలు యాడ?”

అతను చెప్పాడు. మెల్లగా, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. శనివారం వచ్చిన ఇనుము వల్లే ఉద్యోగానికి గండం వచ్చిందని అక్క పంచాంగం చూసే ఆయనతో ఫోన్‌లో మాట్లాడి తేల్చింది. శనివారం నాడే దాన్ని దానం చేస్తే దోషం పోతుంది. నల్లటిది, ఇనుము, రెండూ శనికి ఇష్టమైనవే, ఇంతకంటే మంచి దానం దొరకదని బావ కూడా అన్నాడు. బావే దగ్గరుండి జాకీ పెట్టించి విప్పించాడు. ట్రిమ్స్ పీకి బిన్‌లో వేశారు. శనిదానం పట్టేవాళ్ళు ఈ దేశంలో ఎక్కడుంటారని, వీధిలో పాత సామాన్లు ఏరుకునే వ్యాన్‌వాడు వస్తే పిలిచి, కొత్త టైర్లతో సహా నాలుగు చక్రాలూ, పైన నువ్వుల పొట్లం, నల్లగుడ్డ పెట్టి ఇచ్చేశారు. వ్యాన్‌వాడు నువ్వులు వద్దంటే తీసుకోమని బతిమాలారు.

“ఈ రెండు మూడు రోజులు మంచు పడదని టీవీలో చెప్పినాడు,” అన్నాడు చివర. “నెమ్మదిగా చెబ్దామనుకున్నా. నువ్వు అరుస్తావని...”

“నేను ఎప్పుడు అరిచినా?” అంది సులోచన. గొంతు ఎంత తగ్గిందంటే అతను ముందుకు వంగి వినాల్సి వచ్చింది. “మీ ఉద్యోగం నిలబడల్లని నన్ను కొండ మీదికి బోడి టైర్లతో పంపినారు. నాది ఉద్యోగం గాదు. నాది ప్రాణం గాదు.”

“అట్లనేది నేను ఎప్పుడూ...”

“అనలే. చేసినారు.”

సాయంత్రం నిఖిత నాటింగ్‌హామ్ నుంచి ఫోన్ చేసింది. అక్కడ యూనివర్సిటీలో రెండో ఏడు. విషయం తెలుగులో విని, ఇంగ్లీషులో, “డాడ్ డిడ్ వాట్?” అని, మళ్ళీ మళ్ళీ అదే అడిగింది. సులోచన కూతురికి నచ్చజెప్పలేదు. తండ్రిని వెనకేసుకురాలేదు. ఇన్నేళ్ళలో అది మొదటిసారి.

మర్నాడు రోడ్డు తెరవగానే బస్సులో ఒక సూట్‌కేస్‌తో వెళ్ళింది. ఆస్పత్రి క్వార్టర్స్‌లో గది ఒకటి ఖాళీగా ఉందని మోయ్రా చెప్పింది. మంచం, బీరువా, నలుగురికీ కలిపి ఒక వంటగది. కిటికీలోంచి ల్యాబ్ వెనక తలుపు కనిపిస్తుంది. పొద్దున షిఫ్టు ఆమెదే ఉంచారు. నడిచి రెండు నిమిషాల్లో చేరే మనిషిని ఎందుకు మారుస్తారు? కారును డేవీ గుంతలోంచి లాగించాడు. స్టీల్ చక్రాలు మళ్ళీ తెప్పించమంది. ట్రిమ్స్ సంగతి అతను అడగబోతే వద్దని ముందే చెప్పింది. ఆ కారు కూడా ఆస్పత్రి కార్‌పార్క్‌కే చేరింది.

గ్లాస్గో తెలుగువాళ్ళల్లో కథ పాకింది. పాకిన కథలో సులోచన గర్విష్ఠి అయింది, చక్రాల కోసం మొగుణ్ణి వదిలేసిన మనిషి అయింది. పార్థసారథి ఒకరోజు ల్యాబ్‌కే ఫోన్ చేశాడు. జరిగిందేదో జరిగిందనీ, తాను పెద్దమనసుతో ఒక మంచి అల్లాయ్స్ సెట్, దానికి వింటర్ టైర్లతో సహా, సొంత ఖర్చుతో కొనిపెడతాననీ, ఇంటికి వచ్చేయమనీ అన్నాడు. ఆమె విన్నంతసేపు విని, అన్నా, ఇది రక్తం అడిగేవాళ్ళు చేసే నంబరు, మళ్ళీ చేయొద్దని పెట్టేసింది.

జనవరిలో వీరాంజనేయులు ఉద్యోగం ఉందని తేలింది. తీసేసినవాళ్ళల్లో అతని పేరు లేదు. దానం ఫలించిందని రత్నమ్మ పదిమందికీ చెప్పుకుంది. ఆ మాట కూడా సులోచన చెవిన పడింది. పడ్డ రోజు ఆమె అన్నం తినలేదు. కోపం కూడా ఒక తిండే, అదే కడుపు నింపింది.

ఫిబ్రవరి చివర ఒక ఆదివారం మధ్యాహ్నం వీరాంజనేయులు బస్సులో వచ్చాడు. చేతిలో స్టీల్ క్యారియర్. తనే వండిన బొరుగుల ఉగ్గాణి, పైన వేయించిన మిరపకాయలు. క్వార్టర్స్ మెట్ల మీద నిలబడి చాలాసేపు మంచు సంగతి మాట్లాడాడు, బస్సు సంగతి మాట్లాడాడు. మనిషి చిక్కాడు. చొక్కా ఇస్త్రీ లేదు. సులోచనకు జాలి వేసింది. వేసినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

“బావ అంటాడు...” అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి ఆపేశాడు. క్యారియర్ పిడి అటూ ఇటూ తిప్పాడు. “సులోచనా. ఆ పొద్దు... నీకు దెబ్బేమన్నా తగిలిందా?”

ఆమె అతని వైపు చూసింది. బెల్ట్ కోసిన చోట మొదట నల్లగా, తర్వాత ఆకుపచ్చగా, తర్వాత పసుపు రంగుకు తిరిగిన ఆ మచ్చను ఇన్ని వారాలూ ఆ చిన్న గదిలో అద్దం ముందు నిలబడి ఆమె ఒక్కతే చూసుకుంది. పక్కకు తిరిగి పడుకోలేని రాత్రులు గడిపింది. రక్తం సంచి ఎత్తినప్పుడల్లా పళ్ళు బిగబట్టింది. మోయ్రా చూసింది, డాక్టర్ చూశాడు, లారీ డ్రైవర్ కూడా అడిగాడు.

“తగిలింది,” అంది.

“యాడ?”

“మానిపోయింది. ఇంక చూపించేదానికేం ల్యా.”

క్యారియర్ అందుకుంది. ఆకలిగా ఉంది, ఉగ్గాణి వాసన బాగుంది. తిరుగు బస్సు ఎప్పుడో అడిగి, చలిలో నిలబడొద్దని, స్టాప్‌లో లోపల కూర్చోమని చెప్పి, తలుపు వేసుకుంది.